ఖాళీజేబు వీరుడు, నెమలిలంక తాబేలు

1. నీళ్లు: ఒంటె మూపురం దాకా

ఈ చిట్టా రాయడం మంచువలల కాపరి పని. గుడిలో వాక్యం చెప్పే నేనే ఆ కాపరిని. తెల్లవారకముందే వలలకు పట్టిన మంచు దులపాలి. కాలువలో పడ్డ నీళ్లు తొట్టిలోకి మళ్లించాలి. తొట్టిలో మట్టం ఎంతుందో రాయాలి. నాకు ముందున్న కాపరి అంకెలు వేసేవాడు. ఆదివారపు బడి పిల్లలు తొట్టి లోపలి గోడ మీద జలప్రళయం కథలో ఓడ ఎక్కే జంతువులన్నింటినీ పై నుంచి కింది దాకా బొమ్మలు వేశాక, అంకెలు అడిగేవాళ్లు లేరు. పైన జిరాఫీ, దాని కింద ఒంటె, ఆ తర్వాత గాడిద, మేక, కుందేలు, అట్టడుగున తాబేలు. జిరాఫీ తల మునిగితే మాకు పండుగ. తాబేలు వీపు ఆరితే లంక ఖాళీ చేయాలి. అది నా బెదిరింపు కాదు, సముద్రం అవతల మెరక మీది జలమండలి శాసనం. బల్లకట్టు వస్తుంది, అందరినీ ఎక్కించుకుపోయి శిబిరంలో దింపుతుంది. చుట్టూ సముద్రమే, తాగడానికి చుక్క పనికిరాదు. వాన అనేదాని గురించి ముసలివాళ్లు కథలు చెబుతారు. మాకున్నది మంచు.

ఈ రోజు మంచు బాగానే పట్టింది. అయినా తొట్టి తగ్గింది. ఎందుకు తగ్గిందో చూద్దామని పల్లెలోకి వెళ్లాను. దీనమ్మ తన వాటా కుండెడు నీళ్లూ తెచ్చి రొక్కం చెట్టు మొదట్లో పోస్తోంది. పెదవులు పగిలి ఉన్నాయి.

"నువ్వు తాగావా, దీనమ్మా?" అన్నాను.

"చెట్టు తాగితే నేను తాగినట్టేనండి, ఆయ్."

పోయిన ఏడాది, పడవ మీద సరుకులమ్మే బంగారయ్య ఇంటికో మొక్క చొప్పున ఉచితంగా పంచిపోయాడు. ఉచితం అన్నప్పుడే నేను లేచి నిలబడి గద్దించాను. ఆ చెట్టు ఆకే రొక్కం. బంగారయ్య తన పడవలోని దీపం కింద ఆకు పెడతాడు, ఈనెలు వెలిగితే చెల్లుతుంది. ఆ ఆకుకి బియ్యం ఇస్తాడు, కిరోసిన్ ఇస్తాడు, అద్దాలూ రిబ్బన్లూ ఇస్తాడు. కోసిన ఆకు రెండు మూడు రోజుల్లో పసుపు తిరుగుతుంది, తిరిగితే చెల్లదు. నీళ్లలో వేసి ఉంచితే పచ్చగానే ఉంటుంది. అందుకని ప్రతి ఇంట్లోనూ ముంతల నిండా ఆకులే. నెమలిలంకలో ఇప్పుడు దాహం వేస్తే డబ్బు పక్కకు తోసి తాగాలి.

అరణ్యంలో ఆకాశం నుంచి రాలిన ఆహారాన్ని రేపటికని దాచుకున్న జనానికి ఏం దక్కింది? పురుగులు, కంపు. ఆదివారం ఆ వాక్యమే తీసుకుని గొంతు పోయేదాకా చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. దీనమ్మ అందరికన్నా గట్టిగా అంది. ఆరాధన అయ్యాక అందరూ తిన్నగా ఇంటికి వెళ్లి చెట్టుకి నీళ్లు పోశారు.

చెప్పాను. వినలేదు.

2. నీళ్లు: గాడిద చెవుల దాకా

గుడి ఆవరణలో కూడా ఒక చెట్టు ఉంది. నేను వద్దన్నాను. సంఘ పెద్దలు "గుడి పైకప్పు కారుతోంది కదండీ" అన్నారు. వాన లేని లంకలో కప్పు ఏం కారుతుందని అడిగాను. నాటారు. దాని ఆకు నేను ఒక్కటీ ముట్టుకోలేదు. ఈ లంకలో ఆకు ముట్టని చెయ్యి నాది ఒక్కటే. ఇది గొప్పకి రాయడం లేదు. ఉన్న మాట రాస్తున్నాను.

రొక్కం చెట్టు కాయదు, పూయదు అని బంగారయ్య చెప్పాడు. నిన్న గుడి చెట్టుకు ఒకే ఒక పండు కనబడింది, నిమ్మకాయంత, బంగారు రంగులో. మా ఆచారం ప్రకారం తొలి ఫలం ఏదైనా కోతపండుగ నాడు గుడి బల్ల ముందు పెట్టి వేలం వేయాలి. సరే, పండుగ దాకా ఉంటుందిలే అనుకున్నాను.

ఈ ఉదయం మా బావమరిది ఓబద్యా పడకలో లేడు. సముద్రపు పోటులో వాడి గుడిసె కొట్టుకుపోయిన నాటి నుంచి మా ఇంట్లోనే ఉంటున్నాడు. ముప్పై దాటాయి, ఒక పనిలో నిలవడు.

"ఓబద్యా" అని పిలిచాను.

"ఇక్కడ బావా" అని పైనుంచి వినబడింది.

పైకి చూశాను. వాడు ఇంటికప్పుకి వీపు ఆనించి, గాలి నింపిన తిత్తిలాగా తేలుతున్నాడు. లుంగీ ఒక చేత్తో పట్టుకున్నాడు.

"ఏం తిన్నావురా?"

"పండు."

"ఏ పండు?"

నా భార్య తబిత వంటింట్లోంచి వచ్చి చెప్పింది. "రాలిపోయిందండీ. చీమలు పట్టాయి. పాడైపోతుందని రెండు చెక్కలు కోశాను. ఒకటి వీడు తినేశాడు. ఒకటి మీకని ఉప్పులో ఊరేశాను."

తినవద్దన్న పండు తింటే తోటలోంచి తరిమేశారని చదివాను. ఎరుగుదును. ఊళ్లో అందరికీ చెప్పాను కూడా. తిన్నవాడికి రెక్కలొచ్చినట్టు మాత్రం ఏ అధ్యాయంలోనూ లేదు. మొదటి పుట నుంచి మళ్లీ తిరగేశాను. లేదు.

చెప్పాను. వినలేదు.

3. నీళ్లు: మేక కొమ్ముల దాకా

సంగతి కొంత అర్థమైంది. ఉప్పు తెమ్మని తబిత కప్పు కింద నిలబడి వాడి చేతికి ఒక ఆకు అందించింది. "చిల్లర నువ్వే ఉంచుకోరా తమ్ముడూ" అంది. వాడు దబ్బుమని నా కంచంలో పడ్డాడు.

మూడు రకాలుగా పరీక్ష పెట్టాం. గుడి గంట ఎత్తాడు, తేలికే. తబిత రుబ్బురోలు ఎత్తాడు, తేలికే. పక్కింటి మేకపోతుని చంకన పెట్టుకుని తొట్టి చుట్టూ తిరిగాడు, మేకపోతే భయపడింది గాని వీడికి ఆయాసం లేదు. తనది కానిది కొండంతైనా మోస్తాడు. తనది అనుకుంటే చిరిగిన ఆకైనా బండరాయి. మరి దిగడం ఎలా? అది వాడే కనిపెట్టాడు. అక్కది అని చెప్పి చిన్న ఆకు ముక్క చెవిలో దోపుకుని ఎగురుతాడు. దిగాలనుకున్నప్పుడు "ఇది నాదే" అనుకుంటాడు. ఎంత నాదనుకుంటే అంత వేగంగా దిగుతాడు. మొదటిసారి మరీ నాదనుకున్నాడు, చీలమండ వాచింది.

తబిత గుడి పాత తెర కత్తిరించి వాడికి ఎర్ర చొక్కా కుట్టింది. జేబులు లేకుండా. పిల్లలు వాడికి ఖాళీజేబు అని పేరు పెట్టారు. బురదలో దిగబడ్డ పడవని లాగాడు. ఎండిన బావి ఒరల మధ్య ఇరుక్కున్న కోడిని తీశాడు. లంక చివర అలలకి కొట్టుకుపోతున్న ముసలాయన్ని పడక మంచంతో సహా ఎత్తుకొచ్చాడు. వీరుడు వీరుడు అని కేకలు. ఇరవై ఏళ్లుగా వాక్యం చెబుతున్నాను, నా వెనక ఒక్క కుక్కైనా అరవలేదు.

ఖాళీ చేతుల మహిమ కళ్ల ముందు గాల్లో ఎగురుతోంది, చూడండి అని ఆదివారం చెప్పాను. దీనమ్మ చెయ్యెత్తింది.

"అయ్యగారూ, బాబుని మా చెట్టు చిటారుకొమ్మ ఆకులు కోసిపెట్టమంటారా? నిచ్చెన అందడం లేదండి."

చెప్పాను. వినలేదు.

4. నీళ్లు: మేక పొట్ట దాకా

రాత్రి పెనుగాలి. పాత దీపస్తంభం కొనకి కట్టిన పెద్దవల తాళ్లు తెగి కిందపడింది. తొట్టికి వచ్చే నీళ్లలో ముప్పాతిక ఆ వలదే. మంచు దట్టంగా ఉండేది అంత ఎత్తునే. స్తంభం లోపలి ఇనప మెట్లు ఎప్పుడో తుప్పుపట్టి రాలిపోయాయి. ఎక్కే మనిషి లేడు. ఎగిరే మనిషి ఉన్నాడు.

లంకంతా స్తంభం కింద చేరింది. ఓబద్యా వల చుట్టను భుజాన వేసుకుని లేచాడు. వల సంఘానిది, అందుకని దూదిపింజలా పోయింది. సగం ఎత్తుకి వెళ్లాడు. నా గుండె నిండింది. రాతిపలకలు పట్టుకుని కొండ దిగిన పెద్దాయనను చూసినట్టు చూశాను, ఈయన ఎక్కుతున్నాడు, అంతే తేడా.

అప్పుడు దీనమ్మ, ఆ మహాతల్లి, ఆకులతో కట్టిన దండ ఒకటి గిరగిరా తిప్పి పైకి విసిరింది. "ఇది నీకే నాయనా" అని అరిచింది. దండ తిన్నగా వెళ్లి వాడి మెడలో పడింది.

వాడు పడ్డాడు. వలలో చుట్టుకుని పడ్డాడు కాబట్టి బతికాడు. విప్పి తీయడానికి మధ్యాహ్నమైంది.

"ఎందుకు విసిరావు?" అని అడిగాను.

"ఒట్టి చేతుల్తో పంపకూడదు కదండీ, శుభానికి వెళ్తున్నోణ్ణి."

తొట్టి దగ్గరికి వెళ్లి చూసుకున్నాను. మంచి ప్రసంగం ఒకటి మనసులో మొదలైంది. లంక ఖాళీ చేసే రోజు బల్లకట్టు మీద నిలబడి చెప్పేది. ఎవరు ఎన్ని కుండలు చెట్టుకి పోశారో పేరు పేరునా చెప్పేది. అటువంటి రోజు రాకూడదనే నా ప్రార్థన. వస్తే సిద్ధంగా ఉండాలి కదా అని రాయడం మొదలుపెట్టాను. మొదటి పేరు దీనమ్మది.

చెప్పాను. వినలేదు.

5. నీళ్లు: కుందేలు చెవుల దాకా

ఓబద్యా మళ్లీ ఎగరాల్సిన రోజున బంగారయ్య వచ్చాడు. వచ్చి వాడి భుజం మీద చెయ్యివేసి రేవు వైపు తీసుకుపోయాడు. నేను వెనకే వెళ్లాను.

"ఎంతకాలం ఈ లంకలో తేలతావయ్యా వీరుడా? మా పచ్చసిరి సంస్థ వాళ్లు నీ సంగతి విన్నారు. అన్ని లంకల్లోనూ చిటారుకొమ్మలు కోసేవాడు కావాలి. నీకో మరపడవ ఇప్పిస్తా."

"వాడు ఎగరాలంటే వాడి దగ్గర ఏమీ ఉండకూడదు, తెలుసా?" అన్నాను.

"ఇప్పుడే ఇవ్వనండి అయ్యగారూ. పని అయ్యాకే. అప్పటిదాకా ఏమీ లేనట్టేగా" అని నవ్వాడు. అతని చొక్కాకి నాలుగు జేబులు. నాలుగూ ఉబ్బి ఉన్నాయి.

ఓబద్యా ఒప్పుకోలేదు. వద్దనీ అనలేదు. స్తంభం దగ్గరికి వచ్చి లేచాడు. గుడి కప్పు ఎత్తు దాకా లేచి ఆగిపోయాడు. మళ్లీ ప్రయత్నించాడు, గుమ్మం ఎత్తు. సాయంత్రానికి మోకాలి ఎత్తున తేలుతున్నాడు, బాతులాగా.

"ఏం మోస్తున్నావురా?"

"ఏమీ లేదు బావా."

"అబద్ధమాడకు."

"రంగు కూడా అనుకున్నాను బావా. నీలం. ముందు వైపు తెల్లగీత."

ఇంకా రాని పడవ బరువది. మూడు దినాలు ఉపవాసం పెట్టించాను. కీర్తనలు పాడించాను. ధనవంతుడు, సూది బెజ్జం, ఒంటె, అంతా వివరంగా చెప్పాను. వాడు కన్నీళ్లు పెట్టుకున్నాడు, నిజంగానే. అయినా పడవ వాడి లోపలి నుంచి దిగలేదు. పైగా దానికి పేరు కూడా పెట్టుకున్నాడని తబిత చెప్పింది.

ప్రసంగం మాత్రం బాగా వస్తోంది. నాలుగు కాగితాలు అయ్యాయి. ఓబద్యా గురించే ఒక కాగితం మొత్తం రాశాను. మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను, మంచి మాట తోచినప్పుడు కలపడానికి.

చెప్పాను. వినలేదు.

6. నీళ్లు: తాబేలు వీపు

తేలింది. తెల్లవారి తొట్టిలోకి దీపం దింపి చూశాను. చిన్న గీతలు గీసిన ఆకుపచ్చని వీపు, తడి మెరుపుతో, నీళ్లపైన. జలమండలికి జెండా ఎత్తి సంకేతం ఇచ్చాను. అది నా విధి. వచ్చే ఆదివారం దాటితే బల్లకట్టు బయలుదేరుతుందని మెరక నుంచి అద్దంతో జవాబు మెరిపించారు. ఆ ఆదివారమే కోతపండుగ.

ఇంటింటికీ వెళ్లి చెప్పాను. జనం చెట్లకింద కూలబడ్డారు. దీనమ్మ నలభై ఏళ్ల కిందట పోయిన మొగుడి సమాధి దగ్గరికి వెళ్లి కూర్చుంది. శిబిరంలో ఎవరి సమాధి పక్కన పడుకోబెడతారో అని అడిగింది.

ఇంటికి వచ్చి తబితను ఎండుచేపల పులుసు పెట్టమన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసింది. పెట్టింది.

ప్రసంగం పూర్తయింది. ఆఖరి వాక్యం చదువుకుంటే నాకే ఒళ్లు జలదరించింది.

చెప్పాను. వినలేదు.

7. నీళ్లు: తాబేలు మెడ

ఇది సోమవారం రాస్తున్నాను. నిన్న రాయడం కుదరలేదు. ఎందుకు కుదరలేదో చివర్న తెలుస్తుంది.

కోతపండుగ నాడు బల్ల ముందు ప్రతి ఏడూ గుమ్మడికాయలు, గెలలు, కోళ్లు పెడతారు. నేనే వేలం పాడతాను. నిన్న బల్ల ముందు ఏమున్నాయి? ఆకుల గోనెలు. డబ్బుని డబ్బుతో వేలం పాడాలి. పాడారు. ఒక గోనె రెండు గోనెలకి పోయింది. "అది నిన్న కోసిందండి, మాది మొన్నటిది" అన్నాడు కొన్నవాడు, మీసం తిప్పుతూ. నేను విసుగెత్తి వేలం సుత్తి కింద పడేశాను.

అప్పుడు తబిత లేచి ఉప్పుజాడీ తెచ్చి బల్లమీద పెట్టింది. "గుడి చెట్టు తొలి పండులో మిగిలిన చెక్క. మావారికని దాచాను. తొలి ఫలం దాచుకోకూడదుగా."

ఆ ఊరిన చెక్క తిన్నవాడు ఎగురుతాడు. ఎగిరితే వల కట్టొచ్చు. కడితే నీళ్లు. నీళ్లొస్తే బల్లకట్టు వెనక్కి పోతుంది. లేదంటే చిటారుకొమ్మలు కోసుకోవచ్చు. రెండూ అందరికీ ఒకేసారి తట్టాయి.

మా లంక వేలంలో ఒక పద్ధతి ఉంది. నెగ్గినవాడు దాన్ని ఇంటికి పట్టుకుపోడు. తను గౌరవించే మనిషికి అక్కడికక్కడే తినిపిస్తాడు. పేరు కొనుక్కోవడమే, వస్తువు కాదు.

"పది గోనెలు. మా తెడ్డువాడికి తినిపిస్తా" అన్నాడు బంగారయ్య.

పన్నెండు. పదిహేను. ఊరంతా కూడబలుక్కుని ఇరవై అన్నారు. బంగారయ్య ముప్పై అన్నాడు. పడవ నిండా మా ఆకులే కదా ఉన్నాయి, మా డబ్బుతోనే మా మీద పాడుతున్నాడు. ఊరు ఆగిపోయింది. నేను సుత్తి ఎత్తాను.

"నా ముంతలన్నీ" అంది దీనమ్మ. "వాటితో సరిపోకపోతే నా చెట్టు. వేళ్లతో సహా గుడికి రాసిస్తానండి."

చెట్టు మొత్తం పాడిన మనిషి ఇంతవరకు లేదు. ఇకముందు వేసే ఆకులన్నీ దానిలో ఉన్నాయి, ఇక లెక్క ఎక్కడ. బంగారయ్య గడ్డం గోక్కున్నాడు. సుత్తి పడింది.

దీనమ్మ చెక్క తీసుకుని నా దగ్గరికి వచ్చింది. "మీరే తినాలయ్యగారూ. మేమంతా ఆకు మోసినోళ్లం. ముట్టనోళ్లు మీరొక్కరే."

నా జీవితంలో ఒకరు నా మాట విన్నట్టు అనిపించింది. తిన్నాను. ఉప్పగా ఉంది.

అందరం స్తంభం కిందికి నడిచాం. ఓబద్యా తాడూ వల చుట్టా నా భుజాన పెట్టాడు. తబిత చిన్న ఆకు ముక్క చెవిలో దోపబోయింది, "దిగడానికి" అంటూ. తల పక్కకు తిప్పుకున్నాను. "ఈ దేహానికి ఆకు తగలదు" అన్నాను. రెండు చేతులూ ఆకాశానికి చాచి, కళ్లు మూసుకుని, లేచాను.

లేవలేదు.

కళ్లు తెరిస్తే అందరూ నా పాదాలు చూస్తున్నారు.

"జేబులు చూసుకోండయ్యగారూ" అన్నారెవరో.

కళ్లజోడు తీసి ఇచ్చాను. వాక్య గ్రంథం తబిత చేతికిచ్చాను. చెప్పులు విడిచాను. మొలతాడు తెంపాను. ఇంకేముంది నా దగ్గర? ఇరవై ఏళ్లుగా ఏమీ లేని మనిషిని.

వెనక నుంచి బంగారయ్య నవ్వాడు. "పండు ఊరగాయ పెడితే పని చేయదేమో."

"పని చేస్తుంది" అంది తబిత. నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా మాట్లాడింది. "తాబేలు బయటపడ్డ రోజు మీరు పులుసు పెట్టమన్నారు."

"ఆకలేసింది."

"మీకు సంతోషం కలిగిన రోజే ఎండుచేపల పులుసు అడుగుతారు. పెళ్లయిన నాటి నుంచీ అంతే. ఊరు నాశనం కాలేదని అలిగి పాదు కింద కూర్చున్న ప్రవక్త కథ మీరే చెప్పారుగా నాకు. చేప కడుపులో ఉండొచ్చినాయన."

నాకు కోపం వచ్చింది. ఎంత కోపమంటే ఒళ్లంతా వేడెక్కింది. ఆ కోపంలో చెయ్యి గుండె మీదికి పోయింది, అక్కడ మడతపెట్టిన కాగితాలు తగిలాయి. ఐదు కాగితాలు. లంక ఖాళీ అయిన రోజు చెప్పాల్సిన ప్రసంగం. దాన్ని నేను రోజూ రాత్రి చదువుకునేవాణ్ణి. కొన్ని చోట్ల మాట మార్చేవాణ్ణి. అందులో అందరూ ఏడుస్తారు, అందరూ నా వైపు చూస్తారు. అటువంటి ప్రసంగం మళ్లీ రాయలేనని నాకు తెలుసు.

తీసి దీనమ్మ చేతిలో పెట్టాను.

"ఏటండీ ఇది?"

"పొయ్యిలో పెట్టుకో."

"మంచి కాయితంలా ఉంది" అని ఆమె మడత విప్పబోయింది. ఆమెకు అక్షరాలు రావు. పక్కవాళ్లకి వచ్చు. మొదటి మాట ఆమె పేరు. ఆ పేరు ఎవరైనా పైకి చదివేలోపు మళ్లీ లాక్కుంటే బాగుండుననిపించింది. లాక్కోలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాను. కట్టుకుని చూస్తే కాళ్ల కింద నేల లేదు.

ఎగరడం ఎలా ఉంటుందో రాయాలంటే నాకు మాటలు చాలవు. మాటలు చాలకపోవడం నాకు అదే మొదటిసారి. స్తంభం కొనకి చేరి, తాడు నాలుగు వైపులా బిగించి, పెద్దవల దింపాను. చీకటి పడుతోంది. సముద్రం మీద నుంచి మంచు పాకుతూ వచ్చి వల కళ్లల్లో చిక్కుకోవడం నా ముఖానికి తెలిసింది. కింద తొట్టి కాలువలో చప్పుడైంది. జనం కేక వేశారు. నా కోసమే వేశారు. వినబడింది, కొంచెం కిందికి జారాను కూడా. ఆ కొంచెం కూడా ఎక్కువసేపు నిలవలేదు. మళ్లీ తేలిపోయాను.

ఇక దిగాలి. దిగడానికి నా దగ్గర ఏమీ లేదు.

"బావా, దిగు" అని ఓబద్యా అరిచాడు.

"ఎలా దిగను?"

"ఏదైనా నాది అనుకో."

అనుకున్నాను. నా గుడి అనుకున్నాను, అది సంఘానిది. నా లంక అనుకున్నాను, నవ్వొచ్చింది. నా ప్రసంగం అనుకున్నాను, దీనమ్మ ఇంటి వైపు అప్పటికే పొగ లేస్తోంది. వల అంచు పట్టుకుని వేలాడదీసిన లాంతరులాగా రాత్రంతా గాల్లోనే ఉన్నాను. అందుకే నిన్నటి నమోదు లేదు. పైన చలి. మంచు నా గడ్డానికి కూడా పట్టి తొట్టిలోకి కారింది. కాపరి గడ్డం నీళ్లు కూడా ఈ రోజు మట్టంలో కలిశాయి.

తెల్లవారాక ఓబద్యా గొర్రెలు కాసేవాళ్ల వడిసెల పట్టుకుని వచ్చాడు. వెనక తబిత, దీనమ్మ.

"దీనమ్మ ముంత అడుగున ఒక ఆకు మిగిలింది బావా. నీకిస్తానంటోంది. రాయికి చుట్టి విసురుతా, పట్టుకో."

"వద్దు" అన్నాను. అది నోరు అలవాటుగా అన్న మాట.

"ఏం, నాది పుచ్చుకోకూడదా అండి?" అంది దీనమ్మ కింద నుంచి. ఆమెలో కోపం లేదు. అడిగిందంతే. "చెట్టంతా మీ గుడికిచ్చాను. ఒక్క ఆకు పుచ్చుకోలేరా?"

నేను జవాబు వెతుక్కునేలోపు ఓబద్యా వడిసెల తిప్పాడు. వాక్యంలో గొర్రెల కాపరి కుర్రాడి రాయి రాక్షసుడికి తగిలిన చోటే, నుదుటి మధ్య, తగిలింది. ఆకు నా చేతిలోకి జారింది. చల్లగా, తడిగా ఉంది. ఈనెలు స్పష్టంగా కనబడుతున్నాయి. ఆమె చెట్టుకి పోసిన కుండలన్నీ అందులో ఉన్నాయి.

"నాదే" అన్నాను.

మెల్లగా దిగాను.

నుదుటి మీద బొప్పి గోలీకాయంత ఉంది. బల్లకట్టు సగం దూరం వచ్చి, మా జెండా దిగడం చూసి తిరిగిపోయింది. బంగారయ్య దానికి ముందే వెళ్లిపోయాడు. ఓబద్యా రేవులో నిలబడి ఆ పడవని చూపు ఆనినంత మేరా చూశాడు. పాదాలు నేలకి ఆని ఉన్నాయి. పాపం, నీలం రంగు ఇంకా దిగలేదు.

8. నీళ్లు: కుందేలు తోక దాకా

ఈ తెల్లవారి వలలు దులిపి వస్తుంటే దీనమ్మ ఆ చెట్టు దగ్గరే ఉంది, చేతిలో కుండ. చెట్టు గుడిదైంది, వల నిలబడింది, తాబేలు మునిగింది. ఇంత జరిగాక కూడా కుండ. గుండెలో పాత వాక్యాలన్నీ ఒకదాని మీద ఒకటి లేచాయి. అరణ్యం, పురుగులు, కంపు, ఒంటె, సూది. నోరు తెరిచాను.

"గిన్నెలు కడిగిన నీళ్లండి, ఆయ్" అంది ఆమె, నా వైపు చూడకుండానే.

వంగి చూశాను. నీళ్ల మీద మెతుకులు తేలుతున్నాయి.

నోరు మూసుకున్నాను. రెండో చెంబు నేను పోశాను. నా చొక్కా జేబులో ఆ ఆకు ఇంకా ఉంది, అంచులు పసుపు తిరుగుతున్నాయి. నీళ్లలో వేయమని తబిత అడిగింది. వద్దన్నాను.

ఈ రోజు ఏమీ చెప్పలేదు.